సర్కారు సొమ్ము, సామాన్యుని బడి



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలు ఒకప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేవి. 1882లో అనంతపురం జిల్లా వేరుపడేవరకు అంతే. అందుచేత పాత బళ్ళారి లెక్క ఒకటి మన ఇంటి లెక్కే.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని బడులన్నిటి వివరాలు సేకరించమని కలెక్టర్లను ఆదేశించారు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ (తెలుగు వ్యాకరణం రాసిన దొర ఈయనే) 1823 ఆగస్టులో జవాబు పంపారు. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదువుకునేవారు 6,641 మంది. అంటే వెయ్యికి సుమారు ఏడుగురే. వారిలో ఆడపిల్లలు కేవలం 60 మంది!

కారణాన్ని ఆయన దాచలేదు. ఇంగ్లండు బట్టలు వచ్చిపడి నేతపనివారి సంపాదన క్షీణించిందని, పేదరికం వల్ల తల్లిదండ్రులు పసిపిల్లలను కూడా పనిలో పెడుతున్నారని రాశారు. ఆ 533 బడులలో ఒక్కదానికైనా ప్రభుత్వ సాయం లేదని, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నానని కూడా రాశారు. మగ్గాన్ని నమ్ముకున్న ధర్మవరం కుటుంబాలకు ఇవి కొత్త మాటలు కావు.

మన్రో ఊరుకోలేదు. ప్రతి తహశీలుకు ఒక బడి కావాలని, విద్యపై పెట్టే ఖర్చు దేశాభివృద్ధి రూపంలో తిరిగి వస్తుందని 1826లో ప్రతిపాదించారు. కాని 1827లో పత్తికొండ వద్ద కలరాతో మరణించారు. తర్వాత వచ్చినవారికి ఆ పట్టుదల లేదు. ఆ బడులు ఎంతోకాలం నిలవలేదు.

పట్టుదల, పైకం రెండూ ఉంటే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కరలేదు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేలులో, 1972లో తాడికొండలోను, హిందూపురం దగ్గరి కొడిగెనహళ్ళిలోను గురుకుల పాఠశాలలు వెలిశాయి. ప్రవేశపరీక్షలో నెగ్గిన పల్లెబిడ్డలకు తిండి, వసతి, చదువు అన్నీ ఉచితం. అదే ఆలోచనను ఆయన కేంద్రమంత్రిగా నవోదయ విద్యాలయాల రూపంలో దేశమంతటికీ అందించారు. లేపాక్షిలోనిది వాటిలో ఒకటి.

అయితే ఒక్కటి ఆలోచించండి. పరీక్షలో నెగ్గినవాడు గురుకులానికి వెళ్తాడు. నెగ్గనివాడు? వాడికి ఊరి బడే దిక్కు. ఆ బడికే సొమ్ము కరవు. జాతీయాదాయంలో ఆరుశాతం విద్యకు కేటాయించాలని కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. నేటికీ అక్కడికి చేరలేదు. 2019లో మొదలైన ‘మన బడి నాడు-నేడు’ తొలివిడతలో 15,715 బడులను తీసుకొని మరుగుదొడ్లు, మంచినీరు, గదుల బాగు చేపట్టారు. మంచిదే. కాని గోడకు రంగు వేసినంత మాత్రాన పాఠం రాదు గదా! ప్రాథమిక తరగతులలో ముప్పైమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నది.

ఆ చట్టమే మీ చేతికి ఒక అధికారం ఇచ్చింది. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులు ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. ఈ కమిటీ తయారుచేసే అభివృద్ధి ప్రణాళికే ప్రభుత్వ నిధులకు ఆధారం. మీ ఊరి బడిలో ఆ ప్రణాళిక ఉన్నదా? ఉంటే అందులో ఉపాధ్యాయుల ఖాళీలు రాశారా? ప్రధానోపాధ్యాయుని అడిగి చూడండి. దాని నకలు ఒకటి తీసుకొని, ఈసారి మీ శాసనసభ్యుడు ఊరికి వచ్చినపుడు చేతిలో పెట్టండి.