మెదడు జబ్బుల పరిశోధనకు ఎంబీబీఎస్ ఒక్కటే దారి కాదు

నీట్‌లో సీటు రాని బైపీసీ పిల్లల్లో చాలామందిది ఒకటే బెంగ: జబ్బులకు మందు కనిపెట్టే అవకాశం ఇక లేదని. ఆ మాట నిజం కాదు. పార్కిన్సన్స్, హంటింగ్టన్స్ వంటి మెదడు జబ్బుల చికిత్సకు కొత్త ఆశ చూపిస్తున్న ఆటోఫజీ జన్యువులు బయటపడింది ఆసుపత్రిలో కాదు, ఈస్ట్ కణాల్లో.

ఆ జన్యువులను కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమి సొంత ల్యాబ్ పెట్టింది 1988లో, 43వ ఏట. ఈస్ట్‌ను పస్తు పెట్టి మైక్రోస్కోప్‌లో చూస్తే, కణం తన పాత సరుకునే తిత్తుల్లో చుట్టి అరిగించే చోటికి చేరుస్తోంది. ఇలా తన సరుకును తానే అరిగించుకోవడమే ఆటోఫజీ. 2016లో ఆయనకు నోబెల్ వచ్చింది.

నరాల కణం విభజన చెందదు. పుట్టుకతో వచ్చిన కణమే ఎనభై ఏళ్లు పనిచేయాలి కాబట్టి చెడిన ప్రొటీన్లను ఎప్పటికప్పుడు ఊడ్చుకోవాల్సిందే. 2006లో ఎలుకల నరాల కణాల్లో ఆటోఫజీ జన్యువును తీసేస్తే, వేరే ఏ లోపమూ లేకుండానే ప్రొటీన్లు ముద్దకట్టి నడక తడబడింది. అంతకు రెండేళ్ల ముందే, రాపమైసిన్ తరహా మందుతో ఈ శుద్ధిని పెంచితే హంటింగ్టన్స్ ఎలుకల్లో లక్షణాలు తగ్గాయి. అయితే ఆ మందు రోగనిరోధక శక్తిని అణచేస్తుంది. అంతకన్నా భద్రమైనది వెతకాలి. మీకు పని ఉన్నది అక్కడే.

డిగ్రీలో లైఫ్ సైన్సెస్, తర్వాత ఎమ్మెస్సీ, ఆపైన సీఎస్ఐఆర్ నెట్ జేఆర్ఎఫ్ లేదా గేట్ రాసి పీహెచ్‌డీ: మామూలు దారి ఇది. ఇంటర్ నుంచే ఐఐఎస్ఈఆర్ తిరుపతికి ప్రయత్నించొచ్చు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. బెంగళూరు జేఎన్‌సీఏఎస్ఆర్‌లో ఆటోఫజీకే ప్రత్యేకంగా ల్యాబ్ ఉంది. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుందని ఇంట్లో ముందే చెప్పండి. దాచి మొదలుపెడితే మధ్యలో నలిగేది మీరే.

మార్కులకన్నా నేను పెద్దపీట వేసేది ప్రయోగాన్ని శంకించే అలవాటుకు. ఎల్‌సీ3 అనే ప్రొటీన్ తిత్తులకు గుర్తు. అది పెరిగిందంటే శుద్ధి పెరిగిందని తొందరపడతారు. వీధి చివర చెత్త గుట్ట పెరిగిందంటే ఊడ్చేవాళ్లు ఎక్కువయ్యారనా, లారీ రాలేదనా? కణంలోనూ అంతే. అరిగించే చోటే దారి మూసుకుపోయినా తిత్తులు పోగుపడతాయి. అది తేల్చడానికి బాఫిలోమైసిన్ అనే రసాయనంతో అరుగుదలను ఆపి, ఆపకముందు ఎంత, ఆపాక ఎంత అని పోల్చి చూస్తారు. వేసవి ప్రాజెక్టులో ఈ ఒక్క ప్రయోగం సొంత చేతులతో చేసి, ఇంటర్వ్యూలో ఫలితం చూపిస్తూ వివరించగలిగేలా సిద్ధమవండి.