సిలబస్ పని మీ మీద పడినప్పుడు

అటానమస్ కాలేజీలో రెండు మూడేళ్లు గడిచాయంటే ఈ పని మీ టేబుల్ మీదికి రాక తప్పదు. హెచ్‌ఓడీ గారు పిలిచి, “వచ్చే నెల బీఓఎస్ ఉంది, ఈ రెండు సబ్జెక్టులూ మీరు చూడండి” అంటారు. నెల అన్నది పేరుకే. ఇన్విజిలేషన్, స్పాట్ వాల్యుయేషన్, నాక్ ఫైళ్లు పోను చేతిలో మిగిలేది ఒక వారం. అందుకే ఎక్కువమంది దగ్గరి దారి చూసుకుంటారు. పేరున్న కాలేజీ పీడీఎఫ్ దించుకుని, కోర్సు కోడ్ మార్చి, పైన మన లోగో పెట్టి పంపేస్తారు. మీటింగులో లైను లైనూ చదివే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి పాసైపోతుంది. అసలు సంగతి బయటపడేది తర్వాత, సెమిస్టర్ పరీక్ష రోజున. అప్పుడు ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి ఫోన్ వచ్చేది మీకే.

ముందుగా ఒక విషయం తేల్చుకోండి. సిలబస్ మన కోసం రాసుకునేది కాదు. సబ్జెక్టు మనకు తెలుసు, ఎక్కడ ఆపాలో కూడా తెలుసు. దాన్ని పట్టుకుని పని చేసేది మనల్ని ఎన్నడూ చూడని పేపర్ సెట్టర్, మనం మానేశాక వచ్చే కొత్త లెక్చరర్, డిటైన్ అయి జూనియర్లతో కూర్చున్న స్టూడెంట్. వాళ్లకు అనుమానం వస్తే అడగడానికి మీరు పక్కన ఉండరు. కాగితం మీద ఏముందో అదే చెల్లుతుంది.

డేటా స్ట్రక్చర్స్ తీసుకుందాం. మూడో యూనిట్‌లో “ట్రీస్, వాటి అప్లికేషన్లు” అని ఒక లైను రాశారనుకోండి. క్లాసులో బైనరీ సెర్చ్ ట్రీ, ఏవీఎల్ ట్రీ చెప్పి ఆపారు. బయటి నుంచి వచ్చిన సెట్టర్ రెడ్-బ్లాక్ ట్రీలో డిలీషన్ మీద పది మార్కుల ప్రశ్న ఇచ్చాడు. పిల్లలు హాల్లోనే గొడవ చేశారు. ‘అవుట్ ఆఫ్ సిలబస్’ ఫిర్యాదు కమిటీ ముందుకు వస్తే వాళ్లు అడిగేది ఒకే ప్రశ్న: ఇది సిలబస్‌లో ఉందా, లేదా? “ట్రీస్” అని ఉంది కదా, ఉన్నట్టే. మార్కులు కలపరు. అదే లైను ఇలా ఉంటే సమస్యే లేదు: “బైనరీ సెర్చ్ ట్రీ – ఇన్సర్షన్, డిలీషన్, సెర్చ్, ఏవీఎల్ ట్రీ – నాలుగు రొటేషన్లు, రెడ్-బ్లాక్ ట్రీ – లక్షణాలు మాత్రమే.” ఆ ‘మాత్రమే’ అన్న మాటకు మొహమాటపడకండి. ఎక్కడ ఆగాలో చెప్పని సిలబస్ సగం సిలబస్. “మొదలైనవి”, “రీసెంట్ ట్రెండ్స్”, “అప్లికేషన్లు” అన్న మాటలు కనిపించిన చోటల్లా పెన్ను పెట్టి అవేమిటో పేర్లతో రాయండి. రాయలేకపోతే ఆ టాపిక్ తీసేయండి.

ఇక గంటల లెక్క. ఇక్కడ జరిగినన్ని మోసాలు ఇంకెక్కడా జరగవు. మూడు క్రెడిట్ల థియరీ కోర్సు అంటే వారానికి మూడు గంటలు. సెమిస్టర్ పదిహేను వారాలు అనుకుంటే 45 గంటలు. అందరూ ఈ 45ని పట్టుకుని యూనిట్‌కి తొమ్మిది గంటలని పంచేస్తారు. అకడమిక్ క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడండి. ఆడ్ సెమిస్టర్‌లో వినాయక చవితి, దసరా; ఈవెన్ సెమిస్టర్‌లో సంక్రాంతి, శివరాత్రి, ఉగాది. మిడ్ పరీక్షల రోజులు, కాలేజీ ఫెస్ట్, ప్లేస్‌మెంట్ డ్రైవ్ వస్తే ఖాళీ అయ్యే క్లాసులు. ఇవన్నీ పోను 38 గంటలు దక్కితే అదృష్టం. కాబట్టి 38కే రాయండి. ప్రతి టాపిక్ పక్కన పెన్సిల్‌తో గంటలు వేసుకుంటూ పోండి. మొదటి యూనిట్ పన్నెండు గంటలకు చేరితే దానర్థం, ఆఖరి యూనిట్‌ని చివరి వారంలో పీపీటీ మీద పరుగెత్తిస్తారని. ల్యాబ్ ఉన్న కోర్సు అయితే వారానికి రెండు గంటల ప్రాక్టికల్‌కి ఒక క్రెడిట్ అన్న సంగతి మర్చిపోకండి. మూడు గంటల ల్యాబ్‌కి ఒకటిన్నర క్రెడిట్ రావడం ఈ లెక్కనే.

ఐదో యూనిట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కష్టమైనవీ, కొత్తవీ, ఎక్కడా ఇమడనివీ అన్నీ తీసుకెళ్లి అందులో పడేయడం మనకు అలవాటు. కానీ ప్రశ్నపత్రంలో యూనిట్లన్నిటికీ మార్కులు సమానం. చివర్లో హడావుడిగా చెప్పే యూనిట్ తేలిగ్గా ఉండాలి గానీ బరువుగా ఉండకూడదు. బరువైనదాన్ని రెండో, మూడో యూనిట్లలోకి జరపండి.

జేఎన్‌టీయూ పద్ధతిలో నడిచే కాలేజీలైతే ఇంకో చిక్కు. మొదటి మిడ్ రెండున్నర యూనిట్ల మీద జరుగుతుంది. అంటే మూడో యూనిట్ సగానికి తెగుతుంది. ఆ తెగే చోటు మీరే ముందు చూసుకోవాలి. డీబీఎంఎస్‌లో నార్మలైజేషన్ మూడో యూనిట్ అయితే ఫంక్షనల్ డిపెండెన్సీల నుంచి థర్డ్ నార్మల్ ఫామ్ వరకు ఒక సగం, బీసీఎన్‌ఎఫ్ తర్వాతవి రెండో సగం. ఇలా విడదీస్తే రెండు మిడ్‌లలోనూ ప్రశ్న వేయడానికి వీలుంటుంది. పూర్తిగా చెప్తే గానీ అర్థం కాని టాపిక్‌ని మధ్యలో పెడితే మొదటి మిడ్‌కి సగం, రెండో మిడ్‌కి సగం చదివి పిల్లలు రెండు చోట్లా నష్టపోతారు.

కోర్సు అవుట్‌కమ్‌ల గురించి సెమినార్లు బోలెడు జరుగుతుంటాయి, ఇక్కడ ఎక్కువ చెప్పను. “అర్థం చేసుకుంటారు” అని రాస్తే దాన్ని కొలవలేం. “డిజైన్ చేయగలరు” అని రాసి పరీక్షలో అన్నీ ‘ఎక్స్‌ప్లెయిన్’ ప్రశ్నలే ఇస్తే ఎన్‌బీఏ టీమ్ ముందు దొరికిపోతారు. వాళ్లు మ్యాపింగ్ టేబుల్ చూసి ఊరుకోరు, ఆ అవుట్‌కమ్‌ని కొలిచిన ప్రశ్న ఏదో చూపించమంటారు. టేబుల్ నిండా మూళ్లు వేసినా వాళ్లకు అనుమానమే.

టెక్స్ట్ బుక్ పేరు రాస్తే చాలదు, ఎడిషన్ రాయాలి. ఆల్గారిథమ్స్‌కి అందరూ రాసే కార్మెన్ పుస్తకమే చూడండి. మూడో ఎడిషన్‌లో 19వ అధ్యాయం ఫిబొనాచీ హీప్స్. 2022లో వచ్చిన నాలుగో ఎడిషన్‌లో ఆ అధ్యాయం పుస్తకంలోనే లేదు. 19వ అధ్యాయం డిస్‌జాయింట్ సెట్స్ అయింది. ఎడిషన్ చెప్పకుండా “టెక్స్ట్ బుక్ 1, అధ్యాయం 19” అని వదిలేస్తే టీచర్ ఒకటి చెప్తారు, సెట్టర్ ఇంకొకటి అడుగుతారు. రాసే ముందు లైబ్రరీకి వెళ్లి ఆ ఎడిషన్ కాపీలు ఎన్నున్నాయో చూడండి. అరవై మంది క్లాసుకి రెండే కాపీలుంటే ఆ పుస్తకాన్ని రిఫరెన్స్ కిందికి మార్చడం మేలు.

పాతబడిన సరుకుని పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అది మన కంటికి అలవాటైపోయి ఉంటుంది. పైథాన్ 2కి సపోర్ట్ 2020 జనవరి 1తో ఆగిపోయింది; ఆ తర్వాత కూడా ల్యాబ్ మాన్యువల్‌లో బ్రాకెట్లు లేని ప్రింట్ కనిపిస్తే ఎవరూ తెరిచి చూడలేదని అర్థం. కామర్స్, లా వాళ్లకు ఇది ఇంకా ప్రమాదం. 2017 జూలైలో జీఎస్‌టీ వచ్చింది, 2024 జూలై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. బీకాం ట్యాక్సేషన్ పేపర్ రాసేవాళ్లకు తాజా తలనొప్పి ఇన్‌కమ్ ట్యాక్స్. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 చట్టం అమల్లోకి వచ్చింది. మనం ఏళ్ల తరబడి మొదటి క్లాసులో చెప్పే ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ పోయి ట్యాక్స్ ఇయర్ ఒక్కటే మిగిలింది. సెక్షన్ నంబర్లూ మారాయి. అలాంటి పేపర్‌లో సెక్షన్ నంబర్లతో సిలబస్ నింపకండి. విషయం పేరు రాయండి, కింద ఒక వాక్యం చేర్చండి: “విద్యా సంవత్సరం మొదలయ్యే నాటికి అమల్లో ఉన్న చట్టం ప్రకారం బోధన, పరీక్ష.” బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ బీఓఎస్ పెట్టే పని తప్పుతుంది.

బీఓఎస్ మీటింగు రోజు. డిపార్ట్‌మెంట్ వాళ్లం కాక బయటి సబ్జెక్టు ఎక్స్‌పర్ట్‌లు, వైస్ ఛాన్సలర్ నామినీ, ఇండస్ట్రీ మెంబర్, పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. వాళ్లకు నలభై పేజీల ఫైలు ముందు రాత్రి వాట్సాప్ చేస్తే ఎవరు చదువుతారు? వారం ముందు ఒక పేజీ పంపండి: పాతదేమిటి, కొత్తదేమిటి, ఎందుకు, సిలబస్‌లో ఎంత శాతం మారింది. శాతం లెక్క రేపు నాక్‌కి ఎలాగూ కావాలి. మీటింగులో ఇండస్ట్రీ మెంబర్ తప్పకుండా “జెన్ ఏఐ పెట్టండి” అంటారు. కాదనకండి, అవుననీ అనకండి. “పెడదాం సార్, ఆరు గంటలు పడుతుంది, ఏది తీసేద్దాం?” అని గంటల కాగితం ఆయన ముందు పెట్టండి. నిజంగా అవసరమైతే చర్చ జరుగుతుంది. లేకపోతే ఆయనే “ఎలెక్టివ్‌లో చూద్దాం” అంటారు. టీ తాగుతూ చెప్పిన సవరణలను కూడా మినిట్స్‌లో ఎక్కించి, ఆ రోజే సంతకాలు పెట్టించుకోండి. మర్నాటికి ఎవరి జ్ఞాపకం వాళ్లది. ఒక కాపీ మీ ఫైల్లో ఉంచుకోండి; కొత్త కోర్సు తయారు చేశానని ప్రమోషన్ అప్పుడు చూపించుకోవడానికి అదే ఆధారం.

బీఓఎస్ అయిపోయింది కదా అని వెబ్‌సైట్‌లో ఎక్కించడం పెద్ద తప్పు. అకడమిక్ కౌన్సిల్ ఆమోదం దాకా అది డ్రాఫ్టే. కౌన్సిల్‌లో ఒక క్రెడిట్ తగ్గించారనుకోండి. అప్పటికే పిల్లలు పాత కాపీ గ్రూపుల్లో పంచేసుకుని ఉంటారు, జిరాక్స్ షాపువాడు స్పైరల్ బైండింగ్ చేసి అమ్ముతుంటాడు. రెండు వెర్షన్లు బయటికి వెళ్లాక వెనక్కి తీసుకోవడం మీ వల్ల కాదు.

ఎక్కించేటప్పుడు ప్రతి పేజీ అడుగున రెగ్యులేషన్ పేరు, ఏ బ్యాచ్ నుంచి వర్తిస్తుంది, కౌన్సిల్ ఆమోదించిన తేదీ ఉండాలి. ‘ఫైనల్ న్యూ 2’ లాంటి ఫైల్ పేర్లు సిస్టమ్‌లోనే ఆగిపోవాలి. సంతకాల కోసం ప్రింట్ తీసి, దాన్నే స్కాన్ చేసి పెట్టకండి. ఆ బొమ్మలో ఎవరూ ఏమీ వెతకలేరు. సంతకాల పేజీ ఒక్కటి స్కాన్ చేసి, మిగతాది టెక్స్ట్ పీడీఎఫ్‌గా ఇవ్వండి. తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లది వేరే కథ. చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లలోనే డీటీపీ చేయిస్తారు. కాగితం మీద ముత్యాల్లా ఉంటుంది, అందులోంచి ఒక లైను కాపీ చేసి మెయిల్లో పెడితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన చెత్త వస్తుంది. డీటీపీ ఆపరేటర్‌కి మొదటి రోజే యూనికోడ్ అని చెప్పండి, తర్వాత మార్పించడం రెట్టింపు ఖర్చు. అప్‌లోడ్ చేసే వెండర్‌కి మన గోల తెలియదు. ఎక్కించాక మీ ఫోన్‌లో తెరిచి, సరైన బ్రాంచ్ కింద సరైన ఫైలే ఉందో లేదో మీరే చూసుకోండి.

తర్వాత తప్పు కనిపిస్తే ఫైలు చడీచప్పుడు కాకుండా మార్చేయకండి. నంబరూ తేదీ వేసి సవరణ సర్క్యులర్ ఇవ్వండి, ఎగ్జామ్ బ్రాంచ్‌కి కాపీ పంపండి. సెట్టర్ దగ్గరికి పాత కాపీ ఇప్పటికే వెళ్లిపోయి ఉండొచ్చు.

కొత్త వెబ్‌సైట్ వచ్చినప్పుడల్లా పాత రెగ్యులేషన్లు మాయమవుతాయి. ఆర్18లో చేరి డిటైన్ అయినవాళ్లు ఆర్22లోకి వచ్చినప్పుడు ఏ సబ్జెక్టు దేనికి సమానమో తేల్చేది ఆ పాత పేజీలే. సప్లిమెంటరీ రాసేవాళ్లకూ అవే ఆధారం. ఎప్పుడో పాసైపోయి ఇప్పుడు జర్మనీలో మాస్టర్స్‌కి అప్లై చేస్తున్న పూర్వ విద్యార్థిని అక్కడి యూనివర్సిటీ ప్రతి కోర్సులో ఏం చదివాడో వివరాలు అడుగుతుంది. లింక్ దొరకక అతను అటెస్టెడ్ కాపీ కోసం వాళ్ల నాన్నని ఊరి నుంచి కాలేజీ ఆఫీసుకి పంపిస్తాడు. పాత రెగ్యులేషన్ ఫోల్డర్‌ని తీసేయమని ఎవరైనా చెప్తే, ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనండి.