దారి తప్పిన పిలుపు

అమ్మానాన్నల షష్టిపూర్తి వీడియో మా పాత విండోస్ 7 కంప్యూటర్‌లో ఉంది. నాన్నగారి సంవత్సరీకం నాడు అమ్మ దాన్ని టీవీలో చూడాలనుకుంది. రెండూ ఒకే రౌటర్‌కు కలిపి ఉన్నా, టీవీలో కంప్యూటర్ పేరే కనిపించలేదు.

"ఫార్మాట్ చేసేద్దాం నాన్నా!" అన్నాడు మా అబ్బాయి. గుండె ఝల్లుమంది. ఆ వీడియోకు మరో కాపీ లేదు. వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అమ్మకు దానితోనే చూపించాం. కౌంటర్ దగ్గర నేర్చుకున్న పాఠమే: ముందు ఖాతాదారు పని, తరువాత లోపం సంగతి.

టీవీ, కంప్యూటర్ ఒకదాన్నొకటి పిలుచుకునేది మల్టీకాస్ట్ పద్ధతిలో. ఇది ఒక్కరికి రాసే ఉత్తరం కాదు, ఊరంతటికీ వేసే దండోరా కాదు. సభ్యులకే చేరే సర్క్యులర్. ఈ పిలుపు వెళ్లే చిరునామా 239.255.255.250.

కమాండ్ ప్రాంప్ట్‌లో 'రూట్ ప్రింట్' కొట్టి 224.0.0.0 వరుసలు చూశాను. అసలు నెట్‌వర్క్ కార్డుతోపాటు, మావాడు ఎప్పుడో వేసిన వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ తాలూకు ఉత్తుత్తి కార్డు కూడా ఉంది. మెట్రిక్ అంకె తక్కువున్న దారికే విండోస్ మొగ్గు చూపుతుంది. ఇక్కడ తక్కువ అంకె ఉత్తుత్తి కార్డుదే! పిలుపు గోడలోకి పోతోందన్నమాట.

ఆ కార్డు ప్రాపర్టీస్‌లో, టీసీపీ/ఐపీ వెర్షన్ 4 కింద అడ్వాన్స్‌డ్ నొక్కి, 'ఆటోమేటిక్ మెట్రిక్' టిక్కు తీసి పెద్ద అంకె ఇచ్చాను. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేయగానే టీవీలో దాని పేరు ప్రత్యక్షం!

ఒక్క మాట. విండోస్ 7కు సాధారణ భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. అలాంటి కంప్యూటర్‌లో పాత వీడియోలు చూడండి; బ్యాంకు లావాదేవీలు మాత్రం చేయకండి. ఆ వీడియోలకు ఈ రోజే ఇంకో కాపీ తీసి పెట్టుకోండి.