చూసిన కథ గురించి చెప్పే మాట

నలుగురు కూర్చున్న చోట ఈ రోజుల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఆ సీరియల్ చూశారా? ఎలా ఉంది?" వలీమా దస్తర్‌ఖాన్ దగ్గర, పండుగనాడు షీర్ ఖుర్మా తాగుతున్నప్పుడు, ఆడపడుచులు పుట్టింటికి వచ్చినప్పుడు ఈ ప్రస్తావన వస్తుంది. చివరికి అసర్ నమాజు చేసి మస్జిదు మెట్లు దిగుతున్నప్పుడు కూడా వస్తుంది. ఒకరు చాలా బాగుందంటారు. మరొకరు సాగదీశారంటారు. ఇంకొకరు చూడకుండానే అది చెత్త అని తేల్చేస్తారు.

ఇది ఉత్త కాలక్షేపపు మాటే కదా, ఇందులో ధర్మానికి సంబంధించినది ఏముంది అని చాలామంది అనుకుంటారు. కాని మనిషి నోట వెలువడే ఏ మాటైనా సరే, దాన్ని నమోదు చేయటానికి ఒక పర్యవేక్షకుడు సిద్ధంగా ఉంటాడని సూరా ఖాఫ్ 18వ ఆయత్ తెలుపుతోంది. కాలక్షేపపు మాటలకు అక్కడ మినహాయింపు లేదు.

ఇంకా సూరా బనీ ఇస్రాయీల్ 36వ ఆయత్‌ను గమనించండి. మనకు తెలియని విషయం వెంట పడవద్దని అల్లాహ్ అందులో ఆదేశించాడు. చెవిని గురించి, కంటిని గురించి, హృదయాన్ని గురించి ప్రశ్నించటం జరుగుతుందని హెచ్చరించాడు. ఒక సీరియల్ విషయంలో పనిచేసేవి సరిగ్గా ఈ మూడే. కన్ను చూస్తుంది, చెవి వింటుంది, హృదయం తీర్పు చెబుతుంది. ఆ తీర్పును నాలుక పదిమందికి చేరవేస్తుంది. అంటే "నేను చూశాను, అది ఇలా ఉంది" అని చెప్పటం ఒక విధంగా సాక్ష్యం పలకటమే. సాక్ష్యానికి ఉండే బాధ్యత దానికీ ఉంటుంది.

ఏది చూడవచ్చు, ఏది చూడకూడదు అనేది వేరే పాఠం. విశ్వాసులైన పురుషులు, స్త్రీలు తమ చూపులను కాపాడుకోవాలని సూరా నూర్ 30, 31 ఆయత్‌లలో స్పష్టమైన ఆదేశం ఉంది. ఆ హద్దు సినిమాకూ టీవీకీ కూడా వర్తిస్తుంది. ఇక్కడ మనం నేర్చుకోబోయేది చూసిన తర్వాత నాలుక పాటించవలసిన మర్యాదలను గురించి.

కథ వినటమే తప్పా?

కథ అన్న ప్రతిదాన్నీ ఇస్లాం కాదనలేదు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉమ్మె జర్అ హదీసుగా పేరుపొందిన ఒక ఉల్లేఖనం ఉంది. పదకొండుమంది స్త్రీలు ఒకచోట కూర్చొని తమ తమ భర్తల సంగతులు చెప్పుకున్న పొడవైన కథ అది. హజ్రత్ ఆయిషా (రజి) దాన్ని వినిపిస్తుండగా దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఓపికగా చివరిదాకా విన్నారు. విన్న తర్వాత ఆ భర్తలలో ఎవరినీ ఎద్దేవా చేయలేదు. ఆ కథలో ఉమ్మె జర్అను ప్రేమగా చూసుకున్న భర్త అబూ జర్అ. అతనితో తనను పోల్చుకొని, నీ పట్ల నేను అలాంటివాడినే అన్న భావంలో ఆమెతో పలికారు. కథ విని మన ఇంటికి, మన బంధాలకు పనికివచ్చే మంచిని తీసుకోవటం ఎలాగో మనం ఇక్కడ నేర్చుకోవాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ నజ్ర్ బిన్ హారిస్‌ది. ఇతను మక్కా ఖురైషీయులలో ఒకడు. పర్షియా రాజుల కథలు, రుస్తుం, ఇస్ఫందియార్ల గాథలు నేర్చుకొని వచ్చాడు. దైవప్రవక్త (స) ప్రజలకు అల్లాహ్ సందేశం వినిపించి లేవగానే ఇతను అదే చోట కూర్చొని, అంతకన్నా మంచి కథలు నా దగ్గరున్నాయి వినండి అనేవాడని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. సూరా లుక్మాన్ 6వ ఆయత్ ఇతని గురించే అవతరించిందని కొందరు వ్యాఖ్యాతలు రాశారు.

రెండు చోట్లా ఉన్నది కథే. ఒకచోట కథ మనిషిని తన బాధ్యతకు దగ్గర చేసింది. మరోచోట కథ మనిషిని సత్యం నుండి దూరం చేయటానికి పనిముట్టు అయింది. మన కబుర్లు ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉన్నాయో మనమే చూసుకోవాలి.

మొదటి మర్యాద: తెలియకుండా తీర్పు చెప్పరాదు

ఏదైనా వార్త వస్తే ముందు నిర్ధారించుకోవాలని, లేకపోతే తెలియకుండా ఒక వర్గానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని సూరా హుజురాత్ 6వ ఆయత్ బోధిస్తోంది. విన్నదల్లా చెప్పేయటం ఒక మనిషిని అబద్ధాలకోరుగా నిలబెట్టటానికి చాలునని ముస్లిం గ్రంథం ఆరంభంలోనే ఒక హదీసు ఉంది.

సినిమాల విషయంలో దీనికి ఒక బాధాకరమైన ఉదాహరణ చూడండి. సిరియాలో పుట్టిన దర్శకుడు ముస్తఫా అక్కాద్ 1976లో ఇస్లాం తొలి రోజులపై ఒక చిత్రం తీశాడు. అరబీలో దాని పేరు 'అర్రిసాలా'. అందులో ఒక నటుడు దైవప్రవక్త (స) పాత్ర వేశాడని వదంతి పుట్టింది. నిజానికి ఆ చిత్రంలో ఆయన రూపాన్ని గాని, స్వరాన్ని గాని ఎక్కడా చూపలేదు, వినిపించలేదు. ఆంగ్ల రూపంలో ఆంథోనీ క్విన్ వేసినది హజ్రత్ హంజా (రజి) పాత్ర. అయినా 1977 మార్చిలో, చిత్రం అమెరికాలో విడుదలయ్యే సమయానికి, ఒక చిన్న బృందం వాషింగ్టన్‌లో మూడు భవనాలలో వందమందికి పైగా మనుషులను బందీలుగా పట్టుకుంది. వారి డిమాండ్లలో ఆ చిత్రాన్ని ఆపాలన్నది కూడా ఒకటి. ఆ సంఘటనలో ఒక యువ రేడియో విలేఖరి ప్రాణం పోయింది.

సహాబాల పాత్రలను నటులు వేయటాన్ని పలువురు ఉలమాలు అంగీకరించలేదు. ఆ అభ్యంతరం జ్ఞానంతో చెప్పినది. కాని లేనిదాన్ని ఉన్నదని నమ్మి నిందించటం జ్ఞానం కాదు. ఖండించదలచుకున్నవారు కూడా ముందు నిజం తెలుసుకోవాలి. "నేను చూడలేదు, నాకు తెలియదు" అనటంలో అవమానమేమీ లేదు. మన ఇమాములు తమకు తెలియని మసలాలలో "తెలియదు" అని చెప్పటానికి ఎన్నడూ వెనుకాడలేదు.

రెండవ మర్యాద: కథను చరిత్రగా చెప్పరాదు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. 2020 రమజానులో మన దేశంలో లాక్‌డౌన్ ఉంది. తరావీహ్ కూడా ఇళ్ళలోనే జరిగింది. సరిగ్గా అప్పుడే టర్కీ సీరియల్ 'ఎర్తుగ్రుల్' ఉర్దూ అనువాదం పాకిస్తాన్ టీవీలో మొదలై, యూట్యూబ్ ద్వారా ఉర్దూ తెలిసిన మన ఇళ్ళలోకి కూడా వచ్చింది. సీరియల్‌లో నమాజు ఉంది, దుఆ ఉంది, ధైర్యం ఉంది. ముస్లింను దుర్మార్గుడిగానే చూపే చిత్రాలకు విసిగిపోయిన యువకులకు అది సంతోషం కలిగించింది. ఆ సంతోషాన్ని తప్పుపట్టనవసరం లేదు.

అయితే చరిత్ర ఏం చెబుతోంది? ఎర్తుగ్రుల్ ఉస్మానీ రాజ్య స్థాపకుడైన ఉస్మాన్ తండ్రి. ఉస్మాన్ నాణెంపై ఆయన పేరు ఉంది. సోగుత్ పట్టణంలో ఆయన సమాధి ఉంది. ఇంతకుమించి ఖచ్చితంగా తెలిసినది చాలా తక్కువ. ఉస్మానీల చరిత్ర గ్రంథాలు ఆయన మరణించిన వందేళ్ళకు పైగా గడిచాక రాసినవి. సీరియల్‌లో అడుగడుగునా ఆయనకు మార్గం చూపే షేఖ్ ఇబ్నె అరబీ నిజమైన వ్యక్తే. 1165లో అందలూస్‌లో జన్మించారు, 1240లో డమాస్కస్‌లో మరణించారు. కాని ఆయన ఎర్తుగ్రుల్‌ను కలిసినట్లు నమ్మదగిన ఆధారం లేదు. అది కథారచయితల కల్పన.

ఇలాంటిది మనకు కొత్త కాదు. 1955లో తెలుగులో 'అనార్కలి' సినిమా వచ్చింది. అంతకుముందు 1922లో ఇమ్తియాజ్ అలీ తాజ్ ఉర్దూలో నాటకం రాశారు. అక్బర్ కాలపు అక్బర్‌నామాలో గాని, జహాంగీర్ స్వయంగా రాసుకున్న జ్ఞాపకాలలో గాని ఆ ప్రేమకథ లేదు. అయినా అనార్కలిని సజీవ సమాధి చేయించింది అక్బరే అని మన పెద్దలలో ఎంతమంది చరిత్రగా చెప్పలేదు?

రాజుల కథలో ఇలా జరిగితే నష్టం కొంతే. సహాబాల విషయంలో జరిగితే నష్టం చాలా పెద్దది. 2012 రమజానులో ఎంబీసీ ఛానెల్ 'ఉమర్' సీరియల్‌ను ప్రసారం చేసింది. కొందరు ఉలమాలు దాని రచనను పరిశీలించారు. అల్ అజ్హర్ మాత్రం సహాబాలను నటుల ద్వారా చూపటాన్ని వ్యతిరేకించింది. ఈ భేదాభిప్రాయాన్ని పక్కన పెట్టి ఒక్క విషయం ఆలోచించండి. ఆ సీరియల్ చూసిన పిల్లవాడికి హజ్రత్ ఉమర్ (రజి) పేరు వినగానే నటుడి ముఖమే గుర్తుకువస్తే? రచయిత రాసిన సంభాషణను అతను రేపు హదీసు అనుకొని చెబితే? తన పేరిట కావాలని అబద్ధం చెప్పేవాడు నరకంలో తన చోటు సిద్ధం చేసుకోవాలని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి మనకు తెలుసు. పిల్లవాడు కావాలని చెప్పడు, నిజమే. కాని అది ఎక్కడిదని అతనికి మనం చెప్పకపోతే తప్పు ఎవరిది?

మన ముహద్దిసులు ప్రతి మాటకూ సనద్ అడిగింది ఇందుకే. కథలు చెప్పి జనాన్ని ఏడిపించే కథకుల వల్ల ఎన్ని కల్పిత ఉల్లేఖనాలు వ్యాపించాయో వారు చూశారు. ఇమామ్ ఇబ్నె జౌజీ (రహ్మ) ఆ కథకుల గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. నాటి కథకుడు మస్జిదులో కూర్చున్నాడు. నేటి కథకుడు మన అరచేతిలోని ఫోనులో కూర్చున్నాడు. తేడా అంతే.

మూడవ మర్యాద: మనుషుల పరువు తీయరాదు

2020లోనే ఆ టర్కీ సీరియల్‌లో కథానాయిక పాత్ర వేసిన నటి తన మామూలు దుస్తుల్లో ఉన్న ఫొటోలు పెట్టినప్పుడు, ఎంతోమంది ఆమెను నోటికొచ్చినట్లు దూషించారు. పాత్రలోని పర్దాను ఆమె జీవితంలో వెదికారు, కనబడకపోయేసరికి కోపగించుకున్నారు. ఆమెను అన్ని గంటలు కళ్ళప్పగించి చూసినవారే ఆమెకు చూపుల మర్యాద నేర్పబోయారు!

ఒక పని తప్పని చెప్పటం వేరు. ఒక మనిషిని ఎగతాళి చేయటం, పెళ్ళి విడాకుల సంగతులు తవ్వటం, ముఖాన్ని ఒంటిని వెక్కిరించటం వేరు. అనుమానాన్ని, ఆరా తీయటాన్ని, గీబత్‌ను సూరా హుజురాత్ 12వ ఆయత్ ఒకేచోట నిషేధించింది. గీబత్‌ను చనిపోయిన సోదరుని మాంసం తినటంతో పోల్చింది. ఒక వర్గంపై ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పకూడదని సూరా మాయిదా 8వ ఆయత్ బోధిస్తోంది. మనకు నచ్చని చిత్రంలో మంచి ఉంటే ఉందనటం, మనవాళ్ళు తీసినదానిలో లోపం ఉంటే ఉందనటం కూడా న్యాయంలో భాగమే.

నాల్గవ మర్యాద: చూసిన చెడును మళ్ళీ చూపించరాదు

ఒక స్త్రీ మరో స్త్రీ అందాన్ని తన భర్తకు కళ్ళకు కట్టినట్లు వర్ణించకూడదని బుఖారీలో హదీసు ఉంది. మాట కూడా దృశ్యం అవుతుందని దీన్నిబట్టి తెలుస్తోంది. అసభ్యమైన సన్నివేశాన్ని వివరంగా చెప్పేవాడు దాన్ని చూడనివారికి కూడా చూపిస్తున్నాడు. అల్లాహ్ కప్పి ఉంచిన తప్పును తెల్లవారగానే తానే నలుగురికీ చెప్పుకునేవాడి గురించి కూడా తీవ్రమైన హెచ్చరిక వచ్చింది. చూడకూడనిది చూసి ఉంటే దాన్ని తౌబాతో ముగించాలి, కబుర్లతో పొడిగించరాదు.

ఐదవ మర్యాద: సమయాన్ని లెక్క చూసుకోవాలి

ఇషాకు ముందు నిద్రపోవటం, ఇషా తర్వాత కబుర్లు చెప్పుకోవటం దైవప్రవక్త (స)కు ఇష్టం ఉండేది కాదని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. విద్య కోసం, అతిథి కోసం, ఇంటివారితో ఆప్యాయంగా మాట్లాడటం కోసం ఉలమాలు మినహాయింపు ఇచ్చారు. మన ఇళ్ళలో సీరియల్ చూసేదీ, దాని గురించి ఫోనులో మాట్లాడుకునేదీ ఎక్కువగా ఆ వేళలోనే. నష్టపోయేది ఫజ్ర్ నమాజు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎర్తుగ్రుల్ అసలు టర్కీ రూపంలో 5 సీజన్లు, 150 భాగాలు. భాగానికి సుమారు 2 గంటలు. అంటే దాదాపు 300 గంటలు. ఖుర్ఆన్ ఒక పారా నెమ్మదిగా చదవటానికి 40 నిమిషాలు అనుకుంటే 30 పారాలకు 20 గంటలు. ఆ 300 గంటలలో 15 సార్లు ఖుర్ఆన్ పూర్తవుతుంది. చూసిన కాలమే ఇంత. దాని గురించి మాట్లాడిన కాలాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంట్లో ఎలా మాట్లాడాలి?

పిల్లలు చూసినదాన్ని చెప్పబోతే "నోరు మూయి" అని కసరవద్దు. ఇంట్లో చెప్పనివ్వకపోతే బయట చెబుతారు. అక్కడ సరిదిద్దేవారు ఉండరు. పాప వచ్చి, "అమ్మీ! ఇబ్నె అరబీ హజ్రత్ నిజంగానే ఎర్తుగ్రుల్‌కు దుఆ ఇచ్చారా?" అని అడిగిందనుకోండి. తల్లి ఇలా చెప్పవచ్చు: "సీరియల్‌లో అలా చూపించారు బేటా. కితాబుల్లో ఉందో లేదో మౌల్వీ సాబ్‌ను అడిగి తెలుసుకుందాం." ఈ చిన్న మాటతో ఆ పాపకు కథకూ చరిత్రకూ ఉన్న తేడా తెలుస్తుంది. అడిగి తెలుసుకునే అలవాటు కూడా అవుతుంది.

ఏ సినిమా గురించైనా, సీరియల్ గురించైనా నోరు విప్పే ముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుందాం:

1. నేను చెప్పేది నాకు తెలిసినదేనా, విన్నదా?
2. ఇది జరిగిన సంగతా, అల్లిన కథా? వినేవారికి ఆ తేడా చెబుతున్నానా?
3. ఇందులో ఎవరి పరువైనా పోతోందా?
4. ఈ మాట విన్నవారు లేచి వెళ్ళేటప్పుడు ఒక మంచిని తీసుకెళ్తారా, ఒక చెడును తీసుకెళ్తారా?

నాలుగింటికీ సరైన జవాబు దొరికితే చెప్పండి. దొరకకపోతే మౌనం మంచిది. అల్లాహ్‌ను, అంతిమ దినాన్ని విశ్వసించేవారు మంచి మాట పలకాలి, లేదా మౌనంగా ఉండాలి అన్నదే మన ప్రవక్త (స) బోధ.

అల్లాహ్ మన కళ్ళను, చెవులను, హృదయాలను కాపాడుగాక! మన నాలుకలను సత్యానికి సాక్షులుగా చేయుగాక! ఆమీన్.