కొడితే మాట వింటుందా?

ప్రశ్న: మా లాబ్రడార్ పిల్లకు మూడు నెలలు. చేతులు, చీర కుచ్చిళ్లు కొరికేస్తోంది. హాల్లోనే మూత్రం పోస్తోంది. కొట్టి నేర్పాలని మావారు, తినిపించి నేర్పాలని మా అబ్బాయి. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ అబ్బాయి మాటే సరైనదమ్మా. మూడు, నాలుగు నెలల వయసులో పాలపళ్లు ఊడడం మొదలవుతుంది. చిగుళ్లు సలిపి, దొరికిందల్లా కొరుకుతుంది. అది పొగరు కాదు. కొడితే కొరకడం మానదు, మనిషి చెయ్యి చూస్తేనే భయపడుతుంది. పెద్దయ్యాక ఆ భయంతోనే కరవొచ్చు. కొరకగానే ఆట ఆపి పక్కకు తిరగండి. కాసేపాగి నమిలే బొమ్మ ఇవ్వండి.

నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట అయ్యాక మూత్రానికి రోజూ ఒకే చోటికి తీసుకెళ్లండి. పోసిన మరుక్షణం, అక్కడే, ఉడికించిన చికెన్ చిన్న ముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే ఎందుకు పెట్టారో దానికి అర్థం కాదు. ఆ మేరకు రోజువారీ తిండి తగ్గించండి, లాబ్రడార్లు ఇట్టే బరువెక్కుతాయి. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లి అసలు పెట్టొద్దు. ఒకరు 'కూర్చో', ఇంకొకరు 'సిట్' అనకుండా ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడండి.

మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోస్తున్నా, తిండి దగ్గరికెళితే గుర్రుమంటున్నా పశువైద్యుడికి చూపించండి. రేబిస్ టీకా వేయించకపోతే ఇప్పుడే వేయించండి. ఎవరికైనా పంటిగాటు పడితే 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.