విరిగిన చోటే పాఠం
(కొండ సైకిలు ఫ్రేము కథ)

మన హాస్టల్ సైకిలును ఎరగని వారు లేరు. సంత నుంచి కూరగాయల మూటలు మోసి మోసి పోయిన ఏడాది దాని ఫ్రేము హ్యాండిల్ దగ్గర విరిగింది. వెల్డింగ్ షాపులో మందంగా అతుకు వేయించాం. నెల తిరక్కముందే మళ్లీ విరిగింది. ఈసారి అతుకు మీద కాదు, దాని పక్కనే. ఆ రోజు మూట నెత్తిన పెట్టుకుని నడిచి వస్తుంటే మాకొక సందేహం కలిగింది. మట్టి రోడ్డుకే మన సైకిలు విరిగితే, కొండల మీద పరిగెత్తే సైకిళ్లు ఎలా నిలుస్తున్నాయి? వెతికి తెలుసుకున్న సంగతులను మీ ముందుంచుతున్నాం.

పాత సైకిలే గురువు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మారిన్ కౌంటీ ఉంది. 1970లలో అక్కడి యువకులు పాత ష్విన్ సైకిళ్లను తక్కువ ధరకు కొని కొండ బాటల్లో తొక్కేవారు. ష్విన్ కంపెనీ 1933లో లావు టైర్ల సైకిళ్లు తెచ్చింది. ఆ టైర్లు రాళ్ల దెబ్బను కొంత మింగేవి. అందులో ఎక్సెల్సియర్ అనే రకం ఈ యువకులకు బాగా నచ్చింది. ఇలాంటి పాత బండ్లను వారు ‘క్లంకర్లు’ అనేవారు.

1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫ్యాక్స్ పట్టణం దగ్గర కొండ దిగే పోటీ పెట్టారు. సుమారు 3 కిలోమీటర్ల బాటలో 1300 అడుగుల దిగుడు! వెనక హబ్బులోని బ్రేకు వేడెక్కి గ్రీజు పొగగా పోయేది. ఒక్కసారి దిగితే చాలు, మళ్లీ గ్రీజు కూరాల్సిందే. అందుకే ఆ బాటకు ‘రీప్యాక్’ అని పేరొచ్చింది. గ్రీజుతోనే పోలేదు, ఫ్రేములూ ఫోర్కులూ కూడా విరిగేవి.

బ్రీజ్ చేసిన మార్పు

ఆ పోటీల్లో పాల్గొన్న జో బ్రీజ్ 1977లో కొండల కోసమే కొత్త ఫ్రేము కట్టాడు. పాత ఎక్సెల్సియర్ కొలతల్లోని మంచిని వదల్లేదు. ముందు ఫోర్కు బాగా ఏటవాలుగా ఉంటే దిగుడులో చక్రం తిన్నగా పోతుంది, మనిషి ముందుకు తూలడు. ఆ ఏటవాలును ఉంచుకుని, మామూలు ఉక్కుకు బదులు క్రోమియం, మాలిబ్డినం కలిసిన గట్టి ఉక్కు గొట్టాలు వాడాడు. ఫ్రేము మెలి తిరగకుండా హ్యాండిల్ దగ్గర నుంచి వెనక చక్రం వరకు రెండు సన్నని గొట్టాలు అదనంగా అమర్చాడు. మొత్తం సైకిలు సుమారు 17 కిలోలు. ఇలాంటివి పది చేశాడు. మొదటిది ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది.

రిచీ లెక్క

టామ్ రిచీ చదువుకునే వయసులోనే ఫ్రేములు కట్టడం మొదలుపెట్టాడు. 1979 నుంచి గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీల సంస్థకు కొండ సైకిలు ఫ్రేములు చేసిచ్చాడు. బ్రీజ్ పెట్టిన ఆ రెండు అదనపు గొట్టాలను తీసేసి, అసలు గొట్టాలనే లావు చేశాడు.

దీని వెనక మన భౌతికశాస్త్రం ఉంది. పలచని గొట్టం గోడ మందం మార్చకుండా వ్యాసం రెండింతలు చేస్తే బరువు రెండింతలే అవుతుంది, వంగకుండా నిలిచే బిగువు మాత్రం ఎనిమిదింతలవుతుంది. అలాగని మరీ లావు, మరీ పలచన చేస్తే డబ్బా రేకులా సొట్టపడుతుంది.

రోడ్డు సైకిళ్లలో గొట్టాలను కలిపే తొడుగులు ఈ లావుకు సరిపడవు. అందుకే రిచీ తొడుగులు మాని, కీలు చుట్టూ ఇత్తడి కరిగించి నున్నగా అతికాడు. బరువు ఒక్క చోట పడకుండా మెల్లగా పాకేలా ఆ అతుకు ఒంపు తిరిగి ఉంటుంది. మన వెల్డింగ్ ఎందుకు విఫలమైందో అప్పుడు అర్థమైంది. మందమైన అతుకు పలచని గొట్టం దగ్గర హఠాత్తుగా ఆగిపోయింది. పైగా వేడికి అక్కడి ఇనుము నీరసించింది. అందుకే దాని పక్కన విరిగింది.

ఫ్యాక్టరీకి చేరింది

1981లో స్పెషలైజ్డ్ కంపెనీ రిచీ నమూనా ఆధారంగా జపానులో ‘స్టంప్‌జంపర్’ను పెద్ద సంఖ్యలో చేయించింది. ధర 750 డాలర్లు. తర్వాత 1980లలో ఎక్కుడుకూ చురుకైన మలుపుకూ అనువుగా ముందు కోణాన్ని సుమారు 71 డిగ్రీలకు నిటారు చేశారు. 2010 తర్వాత దిగుడు వేగం కోసం మళ్లీ ఏటవాలుకే వచ్చారు. ఇప్పటి చాలా కొండ సైకిళ్లలో అది 65 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. పాత క్లంకర్ చెప్పిన మాట పూర్తిగా తప్పు కాదన్నమాట!

మనం నేర్చుకున్నది

వారికున్న పనిముట్లు మనకు లేవు. కానీ విరిగినదాన్ని పారేయకుండా ఎక్కడ, ఎందుకు విరిగిందని చూడటానికి డబ్బు అక్కర్లేదు. ఇప్పుడు మేము నెలకోసారి ఆదివారం సైకిలు బురద కడిగి, కీళ్ల దగ్గర రంగు మీద వెంట్రుకంత గీత ఉందేమోనని చూస్తున్నాం. గీత కనిపిస్తే ఆ రోజు మూట ఎక్కించం. హాస్టల్ విడిచి వెళ్లిన అన్నలూ, ఈసారి వచ్చినప్పుడు మన సైకిలును ఒకసారి తొక్కి చూడండి. ముందు మాత్రం ఆ కీళ్లు చూసుకోండి!