భూకేంద్రమున ఏమున్నది? శాస్త్రజ్ఞులు తెలిసికొను విధము

గ్రామమున బోరు వేయుచున్నప్పుడు పైకి వచ్చు మట్టిని, రాతిపొడిని చూచి లోపల ఏ పొర తగిలినదో అనుభవజ్ఞులు చెప్పగలరు. కాని ఆ బోరు కొన్ని వందల అడుగులతో ఆగిపోవును. భూమి ఉపరితలము నుండి కేంద్రమునకు దూరము 6,371 కిలోమీటర్లు. రష్యాలోని కోలా ద్వీపకల్పమున 1970లో ప్రారంభించి త్రవ్విన మహాబోరు సైతము 1989 నాటికి 12,262 మీటర్లు మాత్రమే దిగినది. భూమి ఒక మామిడిపండైనచో, ఆ బోరు దాని తొక్కనైనను దాటలేదన్నమాట. అట్టిచో భూకేంద్రములోని పదార్థమును ఎట్లు గుర్తించిరి? ఎవరును చూడని విషయమునకు నాలుగు సాక్ష్యములు కలవు. వానిని ఇచట వివరించెదము.

మొదటిది బరువు. 1798లో ఇంగ్లండున హెన్రీ కావెండిష్ సీసపు గోళములతో ప్రయోగము చేసి భూమి సాంద్రతను లెక్కకట్టెను. భూమి అంతే పరిమాణముగల నీటికంటె సుమారు ఐదున్నర రెట్లు బరువు. మన కాళ్లక్రింది రాళ్లు సాధారణముగా మూడు రెట్లకు మించవు. కనుక లోపల మిక్కిలి బరువైన పదార్థము ఉండితీరవలెను.

రెండవది భూకంపము. రైతు పుచ్చకాయను తట్టి, ధ్వనినిబట్టి పండినదో లేదో చెప్పును. అట్లే భూకంప తరంగములు భూమిని దాటివచ్చు తీరునుబట్టి లోపలి స్థితి తెలియును. భారత భూగర్భ పరిశీలన శాఖలో పనిచేసి, 1897 నాటి అస్సాము భూకంపమును పరిశోధించిన ఓల్డ్‌హామ్ 1906లో భూమికి ప్రత్యేకమైన గర్భము కలదని చూపెను. అది సుమారు 2,890 కిలోమీటర్ల లోతున ప్రారంభమగును. ఒక జాతి తరంగములు ద్రవములగుండా పోజాలవు. అవి ఈ గర్భమున ఆగిపోవుటచే దాని వెలుపలి భాగము ద్రవమని తేలినది. దాని నడుమ మరియొక గోళము కలదని 1936లో డెన్మార్కు శాస్త్రవేత్త ఇంగె లేమన్ చూపెను.

మూడవది ఉల్కాశిలలు. ఆకాశమునుండి పడు ఈ శిలలలో కొన్ని దాదాపు పూర్తిగా ఇనుము, నికెల్ లోహములే. ఇవి పగిలిపోయిన చిన్న గ్రహముల గర్భశకలములని భావింపబడుచున్నవి. మరికొన్నిటిలో సౌరకుటుంబపు మూలద్రవ్యము మారక నిలిచియున్నది. వానితో పోల్చగా భూమి పైపొరలలో ఇనుము చాల తక్కువ. ఆ తగ్గిన ఇనుము గర్భమునకు దిగినదని ఊహించుట న్యాయము.

నాల్గవది ప్రయోగశాల. రెండు వజ్రముల మొనల నడుమ ఇనుపరేణువునుంచి నొక్కి, లేజరు కిరణములతో కాల్చి, భూగర్భమునందలి పీడనమును, వేడిమిని కల్పింతురు. అట్టి స్థితిలో శుద్ధమైన ఇనుముకంటె ద్రవగర్భము నూటికి సుమారు పది పాళ్లు తేలికయని లెక్క తేలుచున్నది. ఇనుముతో తేలిక మూలకములు కలిసియుండవలెనని 1952లోనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ బర్చ్ వాదించెను. అవి గంధకమా, సిలికానా, ఆక్సిజనా, కార్బనా, హైడ్రోజనా, ఏది ఎంత అను చర్చ నేటికిని ముగియలేదు. తేలినదానిని తేలినదనియు, తేలనిదానిని తేలలేదనియు చెప్పుటయే శాస్త్రమునకు గౌరవము.

ఈ ద్రవపు ఇనుము కదలికలవలననే భూమికి అయస్కాంతశక్తి కలుగుచున్నది. సూర్యునినుండి వచ్చు విద్యుత్కణములను చాలవరకు ప్రక్కకు మరల్చునది ఆ శక్తియే.

పంచాయతీ సభ్యులకు ఇందొక పాఠము కలదు. అరచేత కొబ్బరికాయను నిలిపి, వేపపంగను పట్టి జలము చూపువారి మాటపై బోరు వేయించి, నీరు పడక ప్రజాధనము వ్యర్థమైన సందర్భములు మనమెరుగనివి కావు. భూమిలోనికి విద్యుత్తును పంపి, అది ఎదుర్కొను నిరోధమును కొలిచి, నీరున్న పగుళ్లను గుర్తించు పద్ధతి కలదు. చూడని లోతును కొలతలతో ఎరుగు విద్యయే ఇదియు. 1961లో హైదరాబాదున నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇట్టి పరిశోధనలు సాగించుచున్నది. సర్వే చేసినంతమాత్రమున ప్రతి బోరున నీరు పడునని మేము చెప్పము. వ్యర్థమగు బోర్లు తగ్గునని మాత్రము చెప్పగలము.

కావున బోరునకు తీర్మానము చేయుటకు ముందు భూగర్భ జలశాఖ వారిచే సర్వే చేయించి, ఆ నివేదికను సభలో చదివించుడు. సాక్ష్యము చూచిన పిదపనే గ్రామధనము ఖర్చుచేయుట సభ్యుల ధర్మము.